నెదర్లాండ్స్‌లో ఒక్క జీతం మీద సొంత ఇల్లు: ఐండ్‌హోవెన్ చుట్టుపక్కల సాధ్యమేనా?

ప్రశ్న — కృష్ణాతీరం

అందరికీ నమస్కారం. మేము మూడేళ్లకు పైగా ఐండ్‌హోవెన్‌లో ఉంటున్నాము. నేను హైలీ స్కిల్డ్ మైగ్రెంట్ పర్మిట్ (నైపుణ్యం ఉన్న విదేశీ ఉద్యోగులకు ఇచ్చే నివాస అనుమతి) మీద వెల్డ్‌హోవెన్‌లోని ఒక సంస్థలో పనిచేస్తున్నాను. ఉద్యోగ ఒప్పందం శాశ్వతమైనదే. సెలవు భత్యంతో కలిపి ఏడాదికి పన్నుకు ముందు 84,000 యూరోలు వస్తాయి. 30 శాతం రూలింగ్, అంటే విదేశాల నుంచి వచ్చిన ఉద్యోగులకు జీతంలో 30 శాతం వరకు పన్ను పడకుండా కొన్నేళ్లు ఇచ్చే వెసులుబాటు, ఇంకా ఏడాదిన్నర మిగిలి ఉంది. మా ఆవిడ డచ్ నేర్చుకుంటూ ఉద్యోగ ప్రయత్నంలో ఉన్నారు కనుక ప్రస్తుతానికి ఇంట్లో జీతం ఒక్కటే. నాకు 36 ఏళ్లు, ఆమెకు 33. పాప డచ్ బడికి వెళ్తోంది, బాబుకు వచ్చే ఏడాది నాలుగు నిండుతాయి.

ఇప్పుడున్న రెండు పడకగదుల ఫ్లాటుకు నెలకు 1,850 యూరోలు అద్దె కడుతున్నాము. అత్తగారో మా అమ్మానాన్నలో వచ్చి మూడు నెలలు ఉంటే పిల్లల మంచాలు హాల్లోకి జరపవలసి వస్తోంది. అదే డబ్బు వాయిదాగా కడితే మూడు పడకగదులు, వెనుక కాస్త పెరడు ఉన్న వరుస ఇల్లు సొంతమవుతుంది కదా అని మిత్రులు అంటున్నారు. ఐండ్‌హోవెన్‌లో అలాంటి ఇళ్ల ధరలు మా తాహతుకు మించి ఉన్నాయి. పక్కనున్న హెల్మండ్‌లో 1970ల చివర కట్టిన ఇల్లు ఒకటి 3,95,000కు అమ్మకానికి వచ్చింది, కానీ 4,20,000 వేస్తే తప్ప దక్కదని ఏజెంటు అంటున్నారు. మా చేతిలో 45,000 యూరోల పొదుపు ఉంది. ఇక్కడ ఇంటి విలువలో నూటికి నూరు శాతం అప్పు ఇస్తారని విన్నాను. అలాంటప్పుడు ఈ 45,000 సరిపోవాలి కదా? శాశ్వత నివాసం రాకముందే కొనడం తొందరపాటు అవుతుందా? అనుభవం ఉన్నవారు దయచేసి చెప్పగలరు.

జవాబు — లెక్కల మాస్టారు

కృష్ణాతీరం గారూ, మీరు విన్నది నిజమే, కానీ అందులో సగమే మీ చెవిన పడింది. బ్యాంకు ఇచ్చే అప్పుకు రెండు పరిమితులు ఉంటాయి. ఒకటి ఇంటి విలువ, రెండవది మీ ఆదాయం. ఈ రెండింటిలో ఏది తక్కువైతే అదే మీకు వర్తిస్తుంది. ఇంటి విలువ అంటే మీరు వేసిన బిడ్ మొత్తం కాదు, గుర్తింపు ఉన్న మదింపుదారు వచ్చి చూసి నివేదికలో రాసే మార్కెట్ విలువ. మీరు 4,20,000 వేసి, మదింపులో 4,05,000 వస్తే, మధ్యలో ఉన్న 15,000కు ఏ బ్యాంకూ అప్పు ఇవ్వదు. ఆ మొత్తం మీ జేబులోంచి రొక్కంగా రావలసిందే.

మీ విషయంలో అంతకంటే ముందే అడ్డుపడేది ఆదాయ పరిమితి. వడ్డీ 4 శాతం దరిదాపుల్లో ఉన్నప్పుడు 84,000 జీతం మీద మోటుగా 3,80,000 వరకు అప్పు దొరుకుతుందని అనుకోండి. ఇల్లు ఇంధనాన్ని ఎంత పొదుపుగా వాడుతుందో అక్షరాలతో చెప్పే ఇంధన లేబుల్‌ను బట్టి దీనికి కొంత కలుస్తుంది: సి, డి లేబుళ్లకు 5,000, ఎ, బి లేబుళ్లకు 10,000 అదనం, ఇ నుంచి జి వరకు ఏమీ కలవదు. మీరు కారును ప్రైవేటు లీజు మీద తీసుకుని ఉంటే అది అప్పుల రిజిస్టరులో నమోదై ఉంటుంది, దానివల్ల అప్పు పరిమితి మీరు ఊహించని స్థాయిలో తగ్గుతుంది. ఆ సంగతి మీరు రాయలేదు కనుక లీజు లేదనే అనుకుంటున్నాను.

ఇప్పుడు 4,20,000కు ఇల్లు దక్కిందనుకుందాం. అప్పు 3,80,000 పోగా 40,000 మీరు పెట్టాలి. బదిలీ పన్ను ఇంట్లో తామే ఉండేవారికి 2 శాతం. అయితే 35 ఏళ్లు నిండనివారు మొదటిసారి కొంటే ఒకసారి మినహాయింపు ఉంది. 2026లో ఇంటి ధర 5,55,000 దాటకూడదన్నది షరతు. ఈ మినహాయింపును ఒక్కొక్కరికి విడిగా లెక్కిస్తారు. ఇల్లు ఇద్దరి పేరునా సగం సగం కొంటే మీ వాటాకు 4,200 పడుతుంది, మీ ఆవిడ వాటాకు ఏమీ పడదు. ఆమెకు ఆదాయం లేకపోయినా ఇది వర్తిస్తుంది. మొత్తం మీ ఒక్కరి పేరున కొంటే 8,400 కట్టాలి. వయసును చూసేది నోటరీ దగ్గర రిజిస్ట్రేషన్ జరిగే రోజున, బిడ్ వేసిన రోజున కాదు.

ఇవిగాక తనఖా సలహాదారు రుసుము, నోటరీ ఖర్చు, మదింపు, ఇంటి తనిఖీ, మీకు డచ్ బాగా రాకపోతే నోటరీ దగ్గర కూర్చునే దుబాసీ ఖర్చు ఉంటాయి. వీటన్నిటికీ 7,000 నుంచి 8,000 పక్కన పెట్టుకోండి. ఎన్‌హెచ్‌జీ అనే జాతీయ తనఖా హామీ తీసుకుంటే అప్పు మీద 0.4 శాతం, అంటే సుమారు 1,500 అవుతుంది. ఆ ఖర్చుకు వెనుకాడవద్దు. ఉద్యోగం పోయి, మీ తప్పు లేకుండా ఇల్లు నష్టానికి అమ్మవలసి వస్తే మిగిలిన బాకీని ఆ నిధి భరించే అవకాశం ఉంటుంది, పైగా వడ్డీ కూడా తగ్గుతుంది. 2026లో 4,70,000 వరకు ఉన్న ఇళ్లకు ఇది దొరుకుతుంది. అయితే మీ పర్మిట్ రకాన్నీ గడువునూ బ్యాంకులన్నీ ఒకేలా చూడవు కనుక, ఒకే బ్యాంకు మనిషి దగ్గరకు కాకుండా పలు బ్యాంకులతో పనిచేసే స్వతంత్ర సలహాదారు దగ్గరకు వెళ్లండి.

కూడితే సుమారు 53,000 అవుతుంది. మీ దగ్గర ఉన్నది 45,000. కాబట్టి 4,20,000 మీ ఇల్లు కాదు. అదే 4,00,000 దగ్గర ఆగితే 20,000, పన్ను 4,000, ఇతర ఖర్చులు 9,000 పైచిలుకు కలిపి 33,000 నుంచి 34,000లో తేలుతుంది. మిగిలిన 11,000 రంగులకు, నేలకు, అనుకోకుండా వచ్చే బాయిలర్ ఖర్చుకు ఉంచుకోవచ్చు.

నెలవారీ భారం గురించి మీ మిత్రులు చెప్పింది కాగితం మీద సరైనదే. 3,80,000 అప్పుకు 4 శాతం మీద 30 ఏళ్ల సమాన వాయిదా సుమారు 1,815 యూరోలు. అందులో మొదటి సంవత్సరాల్లో వడ్డీయే ఎక్కువ. ఆ వడ్డీని ఆదాయంలోంచి తీసివేసే వెసులుబాటు వల్ల, గరిష్ఠంగా 37.5 శాతం చొప్పున, మొదట్లో నెలకు 400 వరకు తిరిగి వస్తుంది. అయితే ఈ సంబరాన్ని 30 శాతం రూలింగ్ ముగిసిన తరువాతి జీతంతో పక్కపక్కన పెట్టి చూడండి. మీ స్థాయి జీతానికి చేతికొచ్చే మొత్తం నెలకు 800 నుంచి 1,000 యూరోల దాకా పడిపోతుంది. వాయిదా మాత్రం అంతే ఉంటుంది. ఇంటి బీమా, పురపాలక ఆస్తి పన్ను, మరమ్మతుల సొమ్ము ఇప్పుడు మీ ఇంటి యజమాని కడుతున్నారు, రేపు మీరు కడతారు. రూలింగ్ లేని జీతంతో ఇల్లు గడిచేటట్లయితేనే ముందుకు వెళ్లండి.

ఇంకొక్క మాట. బిడ్ గెలవడానికి, అప్పు మంజూరు కాకపోతే ఒప్పందం రద్దు చేసుకునే షరతును వదులుకోమని కొందరు ఏజెంట్లు సలహా ఇస్తారు. సంతకం తరువాత కొనేవారికి చట్టప్రకారం మూడు రోజుల ఆలోచన గడువు ఉంటుంది, కానీ బ్యాంకు జవాబు మూడు రోజుల్లో రాదు. ఆ షరతు లేకుండా సంతకం చేసి, అప్పు దొరక్కపోతే ధరలో 10 శాతం జరిమానా పడుతుంది. మీ పొదుపంతా ఆ ఒక్క దెబ్బతో తుడిచిపెట్టుకుపోతుంది. పర్మిట్ మీద ఉన్న ఒంటి జీతం కుటుంబానికి ఇలాంటి సలహా ఇవ్వడం నా దృష్టిలో బాధ్యతారాహిత్యం.

జవాబు — హెల్మండ్ గృహిణి

నమస్తే అండీ. మాస్టారు గారు డబ్బు సంగతి చెప్పారు కనుక నేను ఇంటి సంగతి చెబుతాను. హెల్మండ్ అనగానే మనవాళ్లు బ్రాండెవోర్ట్ ఒక్కటే చూస్తారు. అక్కడ పాతకాలపు కోట ఊరిలా కట్టిన కొత్త ఇళ్లు అందంగా ఉంటాయి, సొంత రైల్వే స్టేషను కూడా ఉంది, అందుకే ధర కూడా అలాగే ఉంటుంది. స్టేషనుకు సైకిల్ దూరంలో ఉన్న పాత వాడల్లో మీ బడ్జెట్‌కు సరిపడే వరుస ఇళ్లు దొరుకుతాయి. రైల్లో ఐండ్‌హోవెన్‌కు పది నిమిషాల పైన పడుతుంది. మీ ఆఫీసు మాత్రం ఊరికి అవతలి వైపున ఉంది కనుక, ఒక పనిరోజున ఉదయం ఎనిమిదింటికి ఆ దారిలో ఒకసారి వెళ్లి చూడండి. ఆదివారం నాడు ఇల్లు చూడటానికి వెళ్లినప్పటి ప్రయాణం చూసి మోసపోకండి. గెల్డ్రాప్ కూడా పరిశీలించండి, స్టేషను ఉంది, మీ ఆఫీసుకు ఇంకా దగ్గర, అయితే కాస్త ఖరీదు.

ఈ దేశంలో పాత ఇల్లనగానే పునాదుల భయం చెబుతారు. రోటర్‌డామ్, గౌడ, జాన్‌డామ్ లాంటి చోట్ల మెత్తని నేలలో కొయ్య దిమ్మల మీద నిలిపిన ఇళ్లకు ఆ ప్రమాదం నిజంగానే ఉంది, మరమ్మతుకు పెద్ద మొత్తాలు అవుతాయి. మన బ్రాబాంట్ వైపు ఇసుక నేల కనుక ఆ బెడద చాలా తక్కువ. 1970ల ఇంట్లో మీరు చూడవలసినవి వేరే ఉన్నాయి.

ముఖద్వారం లోపల కాళ్లు తుడుచుకునే పట్టా ఎత్తితే సాధారణంగా ఒక చెక్క మూత కనిపిస్తుంది. దాన్ని తెరిపించి టార్చి వేసి చూడండి. నేల కింది ఖాళీలో ఇసుక పొడిగా ఉండాలి. నీరు నిలిచి ఉన్నా, బూజు వాసన కొట్టినా కారణం అడగండి. అక్కడే పైకి, గది నేల అడుగు వైపు చూస్తే నేలకు వేడి నిలిపే పొర వేశారో లేదో తెలుస్తుంది. కిటికీ అద్దాల మధ్య ఉండే లోహపు పట్టీ మీద చిన్న అక్షరాలతో అద్దం రకం, చాలాసార్లు సంవత్సరం కూడా ముద్రించి ఉంటాయి. ప్రకటనలో రెండు పొరల అద్దాలు అని రాసి ఉన్నా, అవి ముప్పై ఏళ్ల కిందటివో, కొత్త తరహావో ఆ పట్టీయే చెబుతుంది. బాయిలర్ మీది స్టిక్కరు ఫోటో తీసుకోండి. కరెంటు మీటరు అలమార తెరిచి చూడండి. మూడు ఫేజుల కనెక్షను లేకపోతే రేపు ఇండక్షన్ పొయ్యి, హీట్ పంపు పెట్టుకోవడానికి మళ్లీ ఖర్చు. ఆస్‌బెస్టాస్ ఇక్కడ 1993లో నిషేధించారు కనుక అంతకు ముందరి ఇళ్లలో, ముఖ్యంగా పెరట్లోని సామాను గది రేకుల్లో అది ఉండే అవకాశం ఉంది, ఒప్పందంలో దాని గురించి ఒక నిబంధన కూడా ఉంటుంది. అది చదవకుండా సంతకం చేయవద్దు.

బిడ్‌కు ముందు ఇంటి తనిఖీ చేయించే తీరిక దొరక్కపోతే, తనిఖీ షరతును బిడ్‌లోనే పెట్టండి. 1970ల ఇంటికి నాలుగైదు వందల యూరోలకు వెనుకాడేవారిని చూస్తే నాకు ఆశ్చర్యం వేస్తుంది.

కొత్తగా కడుతున్న ఇళ్లు కూడా ఉన్నాయి. వాటికి బదిలీ పన్ను లేదు. అయితే కట్టడం పూర్తయ్యేదాకా ఇటు అద్దె, అటు అప్పు వడ్డీ రెండూ కట్టాలి. తాళాలు చేతికి వచ్చేసరికి నేల, రంగులు, చాలాసార్లు వంటగది కూడా మీరే వేయించుకోవాలి. 2018 జులై నుంచి కొత్త ఇళ్లకు గ్యాస్ కనెక్షను ఇవ్వడం లేదు కనుక పుల్కా మంట మీద పొంగించే అలవాటు మానుకోవలసిందే. ఒక్క జీతం వారికి నేను పాత ఇల్లే చెబుతాను.

జవాబు — ఇంకా అద్దెలోనే

పైవారిద్దరూ కొనడం ఖాయమన్నట్టుగా మాట్లాడుతున్నారు కాబట్టి, రెండో వైపు నేను చెప్పక తప్పదు. హైలీ స్కిల్డ్ మైగ్రెంట్ పర్మిట్ మీద ఉన్నవారికి ఉద్యోగం పోతే ఇంకొకటి వెతుక్కోవడానికి గరిష్ఠంగా మూడు నెలలే గడువు. ఆ మూడు నెలల్లో కొత్త ఉద్యోగం దొరక్కపోతే ఇల్లు అమ్మి వెళ్లాలి. తొందరలో అమ్మేవారికి మంచి ధర రాదు. ఇక్కడ ధరలు ఎప్పుడూ పెరుగుతూనే ఉంటాయన్నది కూడా నిజం కాదు: 2008 తరువాత ఐదేళ్ల పాటు పడ్డాయి, 2022 వేసవిలో కొన్నవారు మరుసటి ఏడాది తగ్గుదల చూశారు.

‘అవసరమైతే అద్దెకిచ్చి వెళ్తాం’ అని మనవాళ్లు తేలికగా అంటారు. తనఖా ఒప్పందంలో బ్యాంకు అనుమతి లేకుండా అద్దెకివ్వరాదని ఉంటుంది. అనుమతి దొరికినా, 2024 జులై నుంచి అద్దె ఒప్పందాలు సాధారణంగా గడువు లేనివిగానే ఉండాలి, విస్తీర్ణం, సౌకర్యాల లెక్కన ఇంటికి వచ్చే పాయింట్లను బట్టి మధ్యతరగతి ఇళ్ల అద్దెకు చట్టపరమైన పరిమితి కూడా ఉంది. ఆ అద్దె మీ వాయిదాకు సరిపోతుందన్న నమ్మకం పెట్టుకోవద్దు.

మీకు ఐదేళ్లు నిండి శాశ్వత నివాసానికి అర్హత రావడానికి రెండేళ్లు కూడా లేదు. ఆలోగా మీ ఆవిడకు ఉద్యోగం దొరికితే అప్పు పరిమితి పెరుగుతుంది, ఇంకొంత డబ్బు పొదుపులో చేరుతుంది. పెరిగే ధరలతో పరుగు పెట్టడం కంటే అది నాకు నెమ్మదైన దారిగా తోస్తుంది.

జవాబు — లెక్కల మాస్టారు

పర్మిట్ గురించి పైవారు చెప్పినది తీసివేయదగినది కాదు. అయితే రెండేళ్లు ఆగితే కృష్ణాతీరం గారి ఆవిడకు 35 నిండుతాయి, మినహాయింపు పోతుంది. ఆ రెండేళ్లలో 44,000 పైగా అద్దె పోతుంది. నా ఉద్దేశంలో తేల్చవలసింది ఒక్కటే: పాప ప్రాథమిక బడి పూర్తయ్యేదాకా ఈ ప్రాంతంలోనే ఉండాలని మీరిద్దరూ అనుకుంటున్నారా? అవునంటే 4,00,000 లోపు కొనండి. ఇంకా తేల్చుకోలేదంటే ఆగండి. సొంతంగా ఉన్న ఇంటిని అమ్మినప్పుడు వచ్చే లాభం మీద ఇక్కడ పన్ను లేదు, అమ్మి అప్పు తీర్చేస్తే సాధారణంగా జరిమానా కూడా ఉండదు. కానీ కొన్న ఖర్చులే తిరిగి రావడానికి కొన్నేళ్లు పడుతుంది.

కృష్ణాతీరం

అందరికీ ధన్యవాదాలు. బడి పూర్తయ్యేదాకా ఇక్కడే ఉండాలన్నది మేమిద్దరం తీసుకున్న నిర్ణయమే. కారు లీజు లేదు, సొంతంగా కొన్న పాత కారే. ఇంకొక సందేహం: కంకిపాడు దగ్గర చాలా ఏళ్ల కిందట నా పేరున కొన్న స్థలం ఉంది, 40 లక్షలు పలుకుతుందంటున్నారు. అది అమ్మి ఇక్కడ ఇంట్లో పెడితే, ఇల్లు కొన్నందుకు ఇండియాలో పన్ను మినహాయింపు వస్తుందా? నాన్నగారు కూడా తన డిపాజిట్ నుంచి 20 లక్షలు పంపిస్తానంటున్నారు.

జవాబు — గుంటూరు ఆడిటరు

మినహాయింపు రాదండీ. స్థలం అమ్మిన లాభంతో ఇల్లు కొంటే ఇచ్చే మినహాయింపు ఇండియాలో కొన్న ఇంటికి మాత్రమే. విదేశంలోని ఇంటికి ఇచ్చే వెసులుబాటును 2014లో తెచ్చిన సవరణతో మూసివేశారు. దీర్ఘకాల లాభం మీద 12.5 శాతం పన్ను ఉంటుంది. 2024 జులై 23కు ముందు కొన్న ఆస్తులకు ద్రవ్యోల్బణం సర్దుబాటుతో 20 శాతం ఎంచుకునే వీలు ఇండియాలో నివసించేవారికే ఉంది, మీకు లేదు.

మీకు అసలు చిక్కు కొనేవారు మినహాయించే పన్నుతో వస్తుంది. అమ్మేవారు ఎన్నారై అయినప్పుడు కొనేవారు సెస్సుతో కలిపి సుమారు 13 శాతాన్ని లాభం మీద కాక మొత్తం అమ్మకం ధర మీదనే మినహాయిస్తారు. 40 లక్షలకు 5,20,000 రూపాయలు చిక్కుకుంటాయి, రిటర్ను వేశాకే తిరిగి వస్తాయి. అమ్మకానికి ముందే ఆదాయపు పన్ను శాఖ నుంచి తక్కువ మినహాయింపు ధ్రువపత్రం తెచ్చుకుంటే ఈ ఇబ్బంది తగ్గుతుంది, కానీ దానికీ వారాలు పడుతుంది. మీరు రాలేకపోతే నాన్నగారికి అధికార పత్రం ఇవ్వాలి. దాన్ని హేగ్‌లోని భారత రాయబార కార్యాలయంలో ధ్రువీకరింపజేసి, ఇండియాకు చేరిన మూడు నెలల్లోగా స్టాంపు సుంకం కట్టించాలి. డబ్బు మీ ఎన్నార్వో ఖాతాలో (ఇండియాలో వచ్చే సొమ్ము కోసం ఎన్నారైలు అక్కడి బ్యాంకులో పెట్టుకునే ఖాతా) పడ్డాక, పన్ను కట్టినట్టు చార్టర్డ్ అకౌంటెంట్ ధ్రువపత్రంతో ఆర్థిక సంవత్సరానికి పది లక్షల డాలర్ల వరకు బయటికి పంపవచ్చు కనుక అక్కడ ఇబ్బంది లేదు. ఇదంతా జరిగేసరికి మీరు చూసిన ఇల్లు ఎప్పుడో అమ్ముడై ఉంటుంది. స్థలాన్ని ఈ బిడ్ లెక్కలో చేర్చవద్దు.

నాన్నగారు పంపే మొత్తం సులువు. ఇండియాలో నివసించే వ్యక్తి ఏడాదికి రెండున్నర లక్షల డాలర్ల వరకు పంపవచ్చు. పది లక్షల రూపాయలు దాటిన భాగం మీద బ్యాంకు 20 శాతం ముందస్తుగా వసూలు చేస్తుంది. 20 లక్షలకు అది 2 లక్షలు, దాన్ని నాన్నగారు తన రిటర్నులో తిరిగి పొందవచ్చు. ఆర్థిక సంవత్సరం చివర ఉంటే మార్చిలో పది, ఏప్రిల్‌లో పది పంపమనండి, ఆ వసూలు కూడా ఉండదు. నెదర్లాండ్స్‌లో బహుమతి పన్నును ఇచ్చేవారి నివాసాన్ని బట్టి చూస్తారు కాబట్టి, ఎప్పుడూ అక్కడ నివసించని నాన్నగారు ఇచ్చినదానికి మీకు అక్కడ పన్ను పడదు. నోటరీ, బ్యాంకు మాత్రం డబ్బు మూలం తప్పక అడుగుతాయి. నాన్నగారు సంతకం చేసిన బహుమతి పత్రం, డిపాజిట్ రద్దు చేసిన రసీదు, బదిలీ కాగితం మూడూ ఆంగ్లంలో సిద్ధంగా ఉంచుకోండి.

జవాబు — లెక్కల మాస్టారు

అయితే నాన్నగారి సొమ్ము ఖాతాలో పడి, సలహాదారు అప్పు మొత్తాన్ని కాగితం మీద తేల్చాక, బిడ్ పరిమితిని 4,10,000కు పెంచుకోవచ్చు. మిగిలినది మరమ్మతులకు ఉంచండి. అంతవరకు 4,00,000 దాటవద్దు, అప్పు షరతును వదలవద్దు. హెల్మండ్ ఇల్లు ఆ ధరకు రాకపోతే పోనివ్వండి. అదే వీధిలో అదే నమూనా ఇళ్లు వరసగా ఉంటాయి కనుక కొన్ని నెలల్లో ఇంకొకటి వస్తుంది. బిడ్ వేసినవారికి అమ్మకం ముగిశాక బిడ్ల పట్టిక చూపే పద్ధతి ఏజెంట్ల సంఘాల్లో 2023 నుంచి ఉంది, మీరు ఓడిపోయినా దాన్ని అడిగి తీసుకోండి. ఆ వాడలో గెలిచిన ధర ఎంతో, షరతులతో గెలిచిందో లేకుండానో అందులో తెలుస్తుంది.